బాత్‌ని "కవర్" చేయకండి, దయచేసి

"పొద్దున విండ్సర్, మధ్యాహ్నం స్టోన్‌హెంజ్, సాయంత్రం బాత్. ఒక్క రోజులో మూడూ అయిపోతాయి వదినా" అన్నాడు మా మరిది. నిజంగానే అయిపోయాయి. ఇంగ్లండ్‌లోని ఆ బాత్ అనే ఊళ్ళో బస్సు దింపి గంటన్నర టైమిచ్చారు. అందులో పావుగంట టాయిలెట్ల దగ్గర లైను, ఇంకో ఇరవై నిమిషాలు రోమన్ బాత్స్ (రోమన్ల కాలం నాటి వేడినీళ్ళ స్నానశాల) దగ్గర లైను. లోపల ఆకుపచ్చ నీళ్ళు చూశాం, ఫోటో దిగాం, బస్సు పోతుందేమోనని పరిగెత్తాం. ఆ రాత్రి మా ఆయన "ఇంతకీ బాత్‌లో ఏం చూశాం?" అంటే నాకు ఆ లైన్లే గుర్తొచ్చాయి.

ఈ కవర్ చేయడం మనకి ఎప్పుడు అంటుకుందో! తిరుపతి వెళ్తే కాళహస్తి, కాణిపాకం కవర్. లండన్ వెళ్తే పక్కనున్న నాలుగు ఊళ్ళు కవర్. తిరిగొచ్చాక ఒక్క వీధి పేరు అడగండి, ఎవరికీ తెలీదు. నాక్కూడా తెలీదు, అందుకే ఈ కోపం.

ఇప్పుడు అమ్మానాన్నలు లండన్ దగ్గర రెడింగ్‌లో ఉన్న మా ఇంటికొచ్చారు. మరిది మళ్ళీ అదే బస్సు టూర్ లింకు వాట్సాప్‌లో పెట్టాడు. ఈసారి ప్లాన్ నాది అని చెప్పేశాను. రెడింగ్ నుంచి బాత్‌కి నేరుగా రైలుంది, గంట ప్రయాణం. లండన్ పాడింగ్టన్‌లో ఎక్కినా గంటన్నర లోపే. అరవై దాటినవాళ్ళకి సీనియర్ రైల్‌కార్డు తీసుకుంటే టికెట్టులో మూడో వంతు తగ్గుతుంది. మన పాస్‌పోర్టు చూపించినా ఇస్తారు, ఇది చాలామందికి తెలీదు. స్టేషన్లో దిగి పది నిమిషాలు నడిస్తే రోమన్ బాత్స్. శుక్ర, శనివారాల్లో హోటల్ రేట్లు చూస్తే కళ్ళు తిరుగుతాయి, అందుకే ఆదివారం రాత్రికి గది తీసుకున్నాను. డిసెంబర్‌లో క్రిస్మస్ మార్కెట్ రోజుల్లో మాత్రం పెద్దవాళ్ళని తీసుకెళ్ళకండి, వీధుల్లో జనం పుష్కరాల్లో ఉన్నట్టు ఉంటారు.

వేడినీళ్ళ ఊరు అనగానే అమ్మ మొహం వెలిగిపోయింది. బదరీలో తప్తకుండంలో మునిగిన మనిషి కదా. "పొద్దున్నే మునిగి, అప్పుడు ఊరు చూద్దాం" అంది. అక్కడే చిక్కు. భూమిలోంచి 46 డిగ్రీల వేడితో రోజుకి 11 లక్షల లీటర్లకు పైగా ఉబికే ఆ నీళ్ళని రోమన్ బాత్స్‌లో చూడటమే, దిగనివ్వరు. 1978లో ఆ ఊటనీళ్ళ కొలనులో ఈదిన ఒక అమ్మాయి మెదడుకి అమీబా సోకి చనిపోయింది. దాంతో స్నానాలు ఆపేశారు. 2006లో థర్మే బాత్ స్పా తెరిచాక మళ్ళీ దిగే వీలొచ్చింది. అక్కడ మేడ మీద కొలనులో వేడినీళ్ళలో నిలబడి ఊరంతా చూడొచ్చు. కానీ ఈత దుస్తులు తప్పనిసరి. ఆ మాట చెప్పగానే అమ్మ "అయితే నేను మీ బ్యాగులు కాస్తా" అంది.

సరే, మునగకపోయినా ఆ గుండం కథ వింటే అమ్మకి నచ్చుతుంది. రోమన్లు రాకముందే అక్కడివాళ్ళకి ఆ ఊటలో సులిస్ అనే అమ్మవారు ఉంది. రోమన్లు ఆమెని తీసేయలేదు, తమ దేవత మినర్వాతో కలిపి సులిస్ మినర్వా అని కొలిచారు. మన ఊళ్ళల్లో గ్రామదేవత పక్కన పార్వతి పేరు చేరినట్టే. స్నానం చేస్తుంటే గట్టు మీద బట్టలు పోయేవట. పోగొట్టుకున్నవాళ్ళు సీసం రేకుల మీద "దొంగ ఆడో మగో, బానిసో కాదో, అమ్మా నువ్వే చూసుకో" అని రాసి గుండంలో పడేసేవాళ్ళు. అలాంటివి 130 దాకా దొరికాయి, కొన్ని అక్కడే అద్దాల్లో పెట్టారు. పోయినసారి నేను వాటి ముందు నుంచే పరిగెత్తాను, పైగా ఆ పెద్ద కొలను చుట్టూ ఉన్న స్తంభాలన్నీ రోమన్లవే అనుకుంటూ! స్తంభాల మొదళ్ళు మాత్రమే ఆ కాలానివి. పైనున్న స్తంభాలు, వరండా, విగ్రహాలు అన్నీ విక్టోరియా రాణి కాలంలో కట్టినవి.

రాయల్ క్రెసెంట్ గురించి పెద్దగా చెప్పను, ఎవరి ఇన్‌స్టా చూసినా అదే. నెలవంకలా 30 ఇళ్ళు, 1767లో మొదలుపెట్టి 1774కి కట్టారు. ఒక్క సలహా: వెనక సందులోకి కూడా వెళ్ళండి. ముందు గోడ ఒక్కటే అందరికీ ఒకేలా కట్టారు, వెనకవైపు ఎవరి డబ్బుని బట్టి వాళ్ళు కట్టుకున్నారు. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, కిటికీలకి వరసే లేదు. నాకైతే ఆ వెనకవైపే నచ్చింది. నచ్చింది అంటున్నానుగానీ ఫోటోల్లో చూసిందే.

నేను అసలు నాన్న కోసం వెళ్తున్నది ఇంకో చోటికి. క్రెసెంట్‌కి కొంచెం దూరంలో ది సర్కస్ అని గుండ్రంగా కట్టిన ఇళ్ళున్నాయి. అందులో 14 నంబరు ఈస్టిండియా కంపెనీ సేనాని రాబర్ట్ క్లైవ్ ఉన్న ఇల్లు, గోడ మీద ఆయన పేరుతో పలక కూడా ఉంది. మా నాన్న పిఠాపురం దగ్గర సోషల్ మాస్టారుగా ముప్ఫై ఏళ్ళు పనిచేశారు. చందుర్తి ఆయన సైకిలు మీద వెళ్ళొచ్చే ఊరు. 1758లో బెంగాల్ నుంచి క్లైవ్ పంపిన కర్నల్ ఫోర్డ్ సైన్యం విజయనగరం రాజుతో కలిసి ఫ్రెంచివాళ్ళని ఓడించింది ఆ చందుర్తి దగ్గరే. మరుసటి ఏడు బందరు కోట కూడా ఫ్రెంచివాళ్ళ చేతుల్లోంచి పోయింది. 1765లో దిల్లీ పాదుషా నుంచి ఉత్తర సర్కారులు, అంటే మన కోస్తా జిల్లాలు, కంపెనీకి రాసిచ్చే ఫర్మానా సంపాదించింది ఈ క్లైవే. నాన్న ఇదంతా నల్లబల్ల మీద మ్యాపు గీసి చెప్పేవారు. ఆ మనిషి ఒంట్లో బాగోనప్పుడు వచ్చి ఉన్న ఇల్లు మా ఇంటికి గంట దూరంలో ఉందని, నేను ఒకసారి ఆ ఊరు "చూసి" కూడా వచ్చానని తలుచుకుంటే సిగ్గేస్తోంది. మా బస్సు గైడు క్లైవ్ పేరే ఎత్తలేదు. ఎత్తడానికి ఆయనకి మాత్రం టైమేది?

ఊరంతా ఎత్తుపల్లాలు, అమ్మ మోకాళ్ళకి కష్టం. అందుకే మొదటి రోజు కింద ఊరు, పుల్ట్నీ వంతెన మీది దుకాణాలు. రెండో రోజు పైకి టాక్సీ, దిగేటప్పుడు నడక. మరిది ఈ ప్లాన్ చూసి "రెండు రోజుల్లో ఒక్క ఊరేనా వదినా?" అని ఏడుపు బొమ్మ పెట్టాడు. జవాబివ్వలేదు.

నాన్న మాత్రం ఒక్కటే అడిగారు, ఆ 14 నంబరు ఇంటి ఎదురుగా కాసేపు కూర్చోవడానికి చోటుందా అని. మధ్యలో గడ్డి ఉంది, పెద్ద పెద్ద చెట్లున్నాయి నాన్నా, ఎంతసేపైనా కూర్చుందాం అన్నాను.