రెండు వేళ్ళకి జీవితకాల శిక్షా?

2009 ఏప్రిల్ నాటి మాట ఇది. బ్యారీ ఫెర్గూసన్ తప్పు చేశాడు. అందులో రెండో మాట లేదు. ఆమ్‌స్టర్‌డామ్‌లో నెదర్లాండ్స్ చేతిలో 3-0తో చిత్తయిన స్కాట్లాండ్ ఫుట్‌బాల్ జట్టుకి కెప్టెన్ అతను. నాలుగు రోజుల్లో ఐస్‌లాండ్‌తో వరల్డ్ కప్ క్వాలిఫయర్ (అర్హత మ్యాచ్) ఉందని తెలిసీ లోమండ్ సరస్సు ఒడ్డున ఉన్న హోటల్లో తెల్లారేదాకా తాగుతూ కూర్చోవడం ఎవరూ వెనకేసుకురాదగ్గ పని కాదు. ఆ మ్యాచ్ జరిగిన బుధవారం, హ్యాంప్‌డెన్ పార్క్ స్టేడియంలో బెంచీ మీద నుంచి కెమెరాల వైపు రెండు వేళ్ళు చూపించడం ఇంకా సిగ్గుచేటు. బ్రిటన్‌లో ఆ సైగ బూతుతో సమానం.

కానీ స్కాట్లాండ్ ఫుట్‌బాల్ సంఘం దానికి వేసిన శిక్ష ఏమిటి? ఫెర్గూసన్‌నీ, అతనితో పాటే తాగి అదే సైగ చేసిన గోల్‌కీపర్ అలన్ మెక్‌గ్రెగర్‌నీ ఇక మీదట జాతీయ జట్టుకి పరిగణించరట. ఎన్ని మ్యాచ్‌లు అన్న లెక్క లేదు, ఎన్నాళ్ళు అన్న గడువు లేదు. మ్యాచ్ ముగిసిన రెండు రోజులకే, కోపం చల్లారకముందే, తలుపు మూసేశారు.

దేశం జెర్సీ వేసుకున్నవాడు, అందులోనూ కెప్టెన్, పిల్లలకి ఆదర్శంగా ఉండాలని సంఘం వాదించవచ్చు. నిజమే. క్రమశిక్షణ కావాల్సిందే. క్రమశిక్షణకి మాత్రం కొలత ఉండాలి.

అసలు వరస చూడండి. తాగిన సంగతి ఆదివారమే బయటపడింది. అది క్షమించరాని నేరమైతే అప్పుడే ఇంటికి పంపాల్సింది. కోచ్ జార్జ్ బర్లీ ఏం చేశాడు? ఇద్దరినీ తుది జట్టులోంచి తీసి సబ్‌స్టిట్యూట్ల బెంచీ మీద కూర్చోబెట్టాడు. బెంచీ మీద ఎందుకు కూర్చోబెడతారు? అవసరం పడితే దింపడానికే. ఐస్‌లాండ్ ముందంజలో ఉండి ఉంటే ఫెర్గూసన్ ఆ రాత్రి మైదానంలో ఉండేవాడేమో. స్కాట్లాండ్ 2-1తో గెలిచింది, అతని అవసరం రాలేదు. మర్నాడు పత్రికల్లో ఫొటోలు వచ్చాయి. అప్పుడు గుర్తొచ్చింది క్రమశిక్షణ! తాగినందుకు బెంచీ, పరువు పోయినందుకు బహిష్కరణ. ఇది న్యాయం అనిపించుకోదు.

స్కాట్లాండ్‌కి ఇది కొత్త కాదు. 1974లో జిమ్మీ జాన్‌స్టన్ మందు కొట్టి, లార్గ్స్ ఊళ్ళో తెడ్లు లేని పడవలో సముద్రంలోకి కొట్టుకుపోతే కోస్ట్‌గార్డ్ వెళ్ళి రక్షించాల్సి వచ్చింది. ఆ వారమే ఇంగ్లండ్‌పై 2-0తో గెలిచి, ప్రెస్ బాక్స్ వైపు అవే రెండు వేళ్ళు చూపించాడు. అతన్ని వరల్డ్ కప్‌కి తీసుకెళ్ళారు. ఇప్పుడా కథని ముచ్చటగా చెప్పుకుంటారు.

ఆ మరుసటి ఏడాదే బిల్లీ బ్రెమ్నర్ వంతు వచ్చింది. 1974 వరల్డ్ కప్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఓడని జట్టుకి కెప్టెన్, 54 మ్యాచ్‌లాడిన మిడ్‌ఫీల్డర్. కోపెన్‌హాగెన్‌లో డెన్మార్క్‌పై గెలిచిన రాత్రి జరిగిన గొడవకి అతనితో కలిపి ఐదుగురిపై జీవితకాల నిషేధం వేశారు. వారిలో ఆర్థర్ గ్రాహమ్ తిరిగి జట్టులోకి వచ్చాడు. జో హార్పర్ 1978 వరల్డ్ కప్‌లో ఆడాడు. బ్రెమ్నర్ మాత్రం మళ్ళీ ఆ జెర్సీ వేసుకోలేదు. ఒకే రాత్రి, ఒకే శిక్ష. అవసరం పడ్డవాళ్ళకి సడలింది, వయసు మీరినవాడికి శాశ్వతమైంది. 2009లో మెక్‌గ్రెగర్‌కి 27, ఫెర్గూసన్‌కి 31. కొలత లేని శిక్ష చివరికి ఎవరి మీద పడుతుందో ఈ వయసులే చెబుతున్నాయి.

మనకీ ఇందులో తెలిసిన పాఠం ఉంది. హైదరాబాదీ అజారుద్దీన్‌పై 2000లో బోర్డు జీవితకాల నిషేధం వేసింది. అక్కడ ఆరోపణ మ్యాచ్ ఫిక్సింగ్, 2009 నాటికి ఆ కేసు ఇంకా కోర్టులోనే ఉంది. ఆటనే అమ్ముకున్నారన్న ఆరోపణకి వాడే శిక్షని రెండు వేళ్ళ సైగకి వాడితే రేపు నిజమైన నేరం జరిగినప్పుడు ఇంకేం వేస్తారు? 2008లో శ్రీశాంత్ చెంప పగలగొట్టిన హర్భజన్‌కి ఐపీఎల్‌లో మిగతా మ్యాచ్‌లన్నీ పోయాయి, పైగా ఐదు వన్డేల నిషేధం. అనుభవించాడు, తిరిగొచ్చాడు, మళ్ళీ ఆడాడు. ఫెర్గూసన్ క్లబ్ రేంజర్స్ కూడా కెప్టెన్సీ పీకేసి రెండు వారాలు సస్పెండ్ చేసింది. కఠినమే, కానీ దానికో లెక్క ఉంది. (2009లో ఆ క్లబ్ జెర్సీ మీద గుండెకి అడ్డంగా ఉన్నది కార్లింగ్ బీరు పేరు. తాగుడు గురించి నీతులు చెప్పేవాళ్ళు ఆ డబ్బు సంగతీ మాట్లాడాలి.)

ఫెర్గూసన్ 1998 నుంచి 2009 దాకా దేశానికి 45 మ్యాచ్‌లాడాడు. ఆ పదకొండేళ్ళలో స్కాట్లాండ్ ఒక్క పెద్ద టోర్నీకీ వెళ్ళలేదు. 2007లో పారిస్ వెళ్ళి ఫ్రాన్స్‌ని ఓడించిన జట్టుకి నాయకుడు అతనే. అదే ఏడాది నవంబరులో, హ్యాంప్‌డెన్‌లో ప్రపంచ చాంపియన్ ఇటలీపై స్కోరు సమం చేసిన గోల్ కూడా అతనిదే. చివరి క్షణాల్లో ఇటలీ మళ్ళీ గోల్ కొట్టి యూరో కప్ ఆశని తుంచేసింది. ఇంత సేవ చేశాడు కదా అని వదిలెయ్యమని మేం అనడం లేదు. శిక్షించండి.

2010 వరల్డ్ కప్ క్వాలిఫయింగ్‌లో ఇంకా నార్వే, మాసిడోనియా, నెదర్లాండ్స్‌తో మ్యాచ్‌లున్నాయి. వాటన్నిటికీ దూరం పెట్టినా మాకు అభ్యంతరం లేదు. కానీ రేపు కొత్త కోచ్ వచ్చి, మిడ్‌ఫీల్డ్ ఖాళీగా కనిపించి, ఈ నిషేధాన్ని చప్పుడు చెయ్యకుండా ఎత్తేస్తే, ఈ రోజు మీరు చేసింది క్రమశిక్షణ కాదు, ఉత్త కోపమని మీరే ఒప్పుకున్నట్టవుతుంది. ఆ రోజు రాకముందే ఈ ప్రకటన వెనక్కి తీసుకోండి. ఎన్ని మ్యాచ్‌లో అంకె వేసి చెప్పండి. బ్రెమ్నర్‌కి 1975లో ఆ అంకె చెప్పలేదు, కనీసం ఫెర్గూసన్‌కైనా చెప్పండి.