ముందు తొట్టి, తర్వాతే గొడ్డు

గొడ్డొచ్చిన వేళ, బిడ్డొచ్చిన వేళ అంటారు. బిడ్డకైతే ఏర్పాట్లు చేసుకోవడానికి తొమ్మిది నెలలుంటాయి. ర్యాంచ్, అంటే గొడ్లను పెంచే పొలం, కొన్న రెండో వారానికే నాలుగు ఆవుల్ని, రెండు గుర్రాల్ని ట్రైలర్‌లోంచి దింపేసేవాళ్లకు ఆ వ్యవధి ఉండదు. ఆపైన రోజూ చాకిరీతోనే సరిపోతోందని వాపోతారు. అందులో సగం చాకిరీ గొడ్ల వల్ల వచ్చింది కాదు, అవి రాకముందు చేయాల్సిన పనులు ఎగ్గొట్టడం వల్ల వచ్చింది.

నీళ్ల సంగతే చూడండి. పెద్ద ఆవు రోజుకు 40 నుంచి 80 లీటర్లు తాగుతుంది. ఎండాకాలంలో పాలిచ్చే ఆవైతే 100 కూడా దాటొచ్చు. గుర్రానికి 25 నుంచి 45 కావాలి. పైన చెప్పిన మందకు 20 లీటర్ల బకెట్లతో మోస్తే రోజుకు పది నుంచి ఇరవై బకెట్లు. మొదటి వారం హుషారుగా మోస్తారు, రెండో వారం నడుం పట్టేస్తుంది, మూడో వారం నుంచి తొట్టి సగమే నిండుతుంది. నీళ్లు తగ్గిన ఆవు మేత తగ్గిస్తుంది. గుర్రానికైతే పేగుల్లో మేత గట్టిపడి కడుపునొప్పి వస్తుంది, అది ప్రాణం మీదికీ రావచ్చు. కాబట్టి గొడ్లకన్నా ముందు పైపులైను, ఫ్లోట్ వాల్వ్ (నీళ్లు తగ్గగానే తనే తెరుచుకునే తేలే కవాటం) ఉన్న తొట్టి రావాలి. వాల్వ్ ఉంది కదా అని నమ్మి వదిలేయకండి. ఇసుక, నాచు పట్టి అది మూసుకుపోతుంది. రోజూ ఫ్లోట్‌ను చేత్తో కిందికి నొక్కి ధార వస్తోందో లేదో చూడటానికి పది సెకన్లు చాలు.

తర్వాత కరెంటు కంచె. గొడ్లు దాటిపోతుంటే చాలామంది తీగకు కరెంటు పంపే మెషీన్‌ను ఇంకా పెద్దది తెచ్చి బిగిస్తారు. లోపం ఎక్కువసార్లు ఎర్తింగ్‌లో ఉంటుంది. తీగలో కరెంటు గొడ్డు ఒంట్లోంచి, కాళ్ల కింది నేల గుండా ఎర్త్ రాడ్‌కు చేరితేనే షాక్ తగులుతుంది. ఒక్క పొట్టి రాడ్ పాతి, నేల ఎండిపోయాక తగలడం లేదంటే ఎలా? ఆరడుగుల రాడ్లు కనీసం మూడు, ఒక్కోదానికి మధ్య పదడుగుల దూరం ఉండాలి. పరీక్ష సులభమే. మెషీన్ ఆపి, వంద మీటర్ల అవతల తీగకు ఇనప కడ్డీలు ఆనించి నేలకు కలపండి. మళ్లీ ఆన్ చేస్తే తీగ వోల్టేజి 2,000 కంటే కిందికి రావాలి. అప్పుడు చివరి ఎర్త్ రాడ్ దగ్గర కొలవండి. 300 వోల్టులు దాటితే ఇంకో రాడ్ పాతాల్సిందే.

దాణా గది తలుపుకు రెండు గొళ్లేలు పెట్టండి, ఒక గొళ్లెం మేకకు ఆటవస్తువు. రాత్రి లోపలికి దూరి కడుపునిండా గింజలు మెక్కిన మేక పొట్టలో ఆమ్లం పెరిగి ఒకటి రెండు రోజుల్లోనే చచ్చిపోవచ్చు. అంతకంటే పెద్ద ప్రమాదం దాణాలు కలిసిపోవడం. కొన్ని ఆవుల దాణాల్లో, కోళ్ల దాణాల్లో కలిపే మొనెన్సిన్ అనే మందు కొద్దిగా తిన్నా గుర్రానికి ప్రాణాంతకం. ఆవులకు పెట్టే ఖనిజ మిశ్రమంలోని రాగి గొర్రెలకు విషం. అందుకే మొదటి ఏడాది ఒకే జాతిని పెంచమంటాను. అన్నీ కాసిన్ని ఉంటే పిల్లలకు సరదా అనే వాదన విన్నాను. సరదా పిల్లలది, డ్రమ్ముల మీద లేబుళ్లు చదవాల్సింది మాత్రం మీరు.

ఎండుగడ్డిని తూచి వేయండి, కట్టలు లెక్కపెట్టి కాదు. ఒక్కో బేల్ ఒక్కో బరువు. 500 కిలోల గుర్రానికి రోజుకు ఏడున్నర నుంచి పది కిలోలు కావాలి. మేత మార్చాలంటే పాతదాన్ని తగ్గిస్తూ, కొత్తదాన్ని పెంచుతూ వారం పది రోజులు పట్టించండి. బేల్ విప్పినప్పుడు కోసిన తీగ ముక్కలన్నీ జేబులోకే వెళ్లాలి. గడ్డితో పాటు మింగిన ఇనప ముక్క ఆవు రెండో పొట్టలో దిగబడి, గుండె దాకా గుచ్చుకోవచ్చు.

ఇక గొడ్లను కనిపెట్టడానికి పెట్టే కెమెరాలు. అవి దగ్గరికెళ్లి చూడటానికి బదులు కావంటాను. ఈ విషయంలో నాతో ఒప్పుకోనివాళ్లు చాలామందే ఉంటారు. ఫోన్‌లో ఆవు నిలబడి కనిపిస్తే బాగున్నట్టేనా? కడుపు ఉబ్బి ఎడమ డొక్క డప్పులా బిగిసిందో లేదో నొక్కి చూస్తేనే తెలుస్తుంది. మేక కింది రెప్ప లోపల ఎర్రగా ఉందా, రక్తం తాగే నట్టలు పెరిగి పాలిపోయిందా అన్నది రెప్ప తిప్పి చూడాలి. నిన్నటిదాకా అందరికన్నా ముందు తొట్టికొచ్చిన గొడ్డు ఇవాళ వెనక నిలబడితే థర్మామీటర్ తీయండి. 38.5 డిగ్రీల సెల్సియస్ ఆవుకు మామూలే, గుర్రానికి మాత్రం ఎక్కువే.

ఊరెళ్లాలంటే బదులు మనిషి కావాలి. చేయాల్సినవన్నీ కాగితం మీద రాసివ్వండి. బయల్దేరే ముందు రెండు రోజులు ఆ మనిషి చేతే పనంతా చేయించి, మీరు నోరు మెదపకుండా పక్కన నిలబడండి. ఆ మనిషి ఎక్కడ ఆగి మీ వైపు చూస్తే, కాగితంలో మీరు రాయడం మరిచింది అక్కడే.