పాత స్కజీ, కొత్త కాపురం

మూడు రోజులుగా మా ఇంట్లో నా మీద ఒక నింద నడుస్తోంది. చిటికెన వేలంత పెన్‌డ్రైవ్‌లో 128 జీబీ పడుతున్న ఈ కాలంలో, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ వైపు వెళ్లి, ఒకప్పుడు సర్వర్లలో వాడిన స్కజీ (SCSI) రకం పాత హార్డ్‌డిస్కులు, ఒక్కోటి 36 జీబీ చొప్పున ఆరు, సంచిలో మోసుకొచ్చిన మనిషికి మతి ఉందా అన్నది అభియోగం. ఉందని నిరూపించడానికే ఈ వ్యాసం.

ముందు ఈ దేశంలో సెకండ్ హ్యాండ్ సరుకు సంగతి చూడండి. పాత స్కూటర్ కొనబోతే, అది ఎప్పుడూ డాక్టరు గారు వాడిన బండే. పాత ఫ్రిజ్ అమ్మేవాళ్లంతా వచ్చే వారం అమెరికా వెళ్లిపోతున్నవాళ్లే. స్కజీ డిస్కు అలాంటిది కాదు. తన తప్పులు తానే రాసి పెట్టుకుంటుంది, అదీ రెండు పద్దుల్లో. ఫ్యాక్టరీలో పుట్టినప్పుడే ఉన్న లోపాలు పీ-లిస్టులోకి, వాడకంలో వచ్చినవి జీ-లిస్టులోకి. స్మార్ట్‌సీటీఎల్ అనే కమాండ్ కొడితే రెండో పద్దులో ఎన్ని ఉన్నాయో దాపరికం లేకుండా చెప్పేస్తుంది. నేను తెచ్చిన ఆరింటిలో ఒకటి 214 అని ఒప్పుకుంది. అమ్మినాయన మాత్రం "అచ్చంగా కొత్తదే సార్" అన్నాడు. ఇద్దరిలో ఎవరిని నమ్మాలో మీరే చెప్పండి.

ఇక క్రమశిక్షణ. డిస్కులన్నీ ఒకే కేబుల్‌ను పంచుకుంటాయి కాబట్టి ప్రతి డిస్కుకూ ఒక నంబరు ఉండాలి, ఏ ఇద్దరికీ ఒకే నంబరు ఉండకూడదు. డిస్కు మీదున్న పిన్నులకు 1, 2, 4, 8 అని విలువలు. 5 కావాలంటే 1కీ 4కీ జంపర్లు తొడగాలి. జంపర్ అంటే బియ్యపు గింజ కంటే కాస్త పెద్ద ప్లాస్టిక్ ముక్క, చేయి జారితే మంచం కిందే తేలుతుంది. దాన్ని మా ఆవిడ కనుబొమల ప్లక్కర్‌తో పట్టుకున్న మాట నిజమే, ఆ అభియోగం ఒక్కటీ ఒప్పుకుంటున్నాను.

ఈ నంబర్లలో ఒక మర్యాద ఉంది. ఇద్దరు ఒకేసారి మాట్లాడబోతే ఎవరు ముందో నంబరే తేలుస్తుంది. అందరికంటే ముందు 7, అది మామూలుగా డిస్కులను కంప్యూటర్‌కు కలిపే కంట్రోలర్ కార్డుది. తర్వాత 6 నుంచి 0 దాకా. ఆ తర్వాతే 15, 14... చివరికి 8. అంటే సున్నా కూడా పదిహేను కంటే ముందే. మొదటి ఎనిమిదీ 1986 నాటి ప్రమాణంలోవి, మిగతావి వైడ్ స్కజీ అనే తర్వాతి రకంతో వచ్చి చేరినవి. ఆలస్యంగా చేరినవాళ్లు వెనక నిలబడాలన్న నియమం మన పార్టీల్లో ఏ ఒక్కదానిలోనైనా ఉందా?

కేబుల్ రెండు చివర్లా టర్మినేటర్ ఉండాలి, అంటే వచ్చిన సిగ్నల్‌ను అక్కడే మింగేసే ముక్క. లేకపోతే సిగ్నల్ చివరిదాకా వెళ్లి, గోడకు కొట్టిన బంతిలా వెనక్కొచ్చి, కొత్త మాటలో పాత మాట కలిపేస్తుంది. కార్డు వైపు సరే, రెండో చివరకు విడిగా కొనాల్సి వచ్చింది. డిస్కు రెండు వందలు, టర్మినేటర్ ఆరు వందలు. ముప్పావలా కోడికి మూడు రూపాయల దిష్టి అని మా అమ్మ అప్పుడే అంది.

ఆరింటిలో రెండు డిస్కులు కంప్యూటర్‌కు కనిపిస్తాయి గానీ పనిచేయవు. పెద్ద స్టోరేజీ పెట్టెల్లోంచి పీకినవి. అక్కడ సెక్టారుకు, అంటే డిస్కు మీద సమాచారం రాసే ఒక్కో గడికి, 512 బైట్లు చాలక, రాసినది చెడిపోయిందో లేదో సరిచూసే చెక్‌సమ్ కోసం ఇంకో ఎనిమిది కొసరు వేయించుకుంటారు. ఆ 520ని మళ్లీ 512కి దించాలంటే ఎస్‌జీ-ఫార్మాట్ అనే ప్రోగ్రాం నడపాలి. మధ్యలో కరెంటు పోతే డిస్కు అలిగి కూర్చుంటుంది, మళ్లీ మొదటి నుంచి చేసేదాకా మాట్లాడదు. అందుకని ఆ రెండు గంటలూ ఇంట్లో గ్రైండర్, ఇస్త్రీపెట్టె నిషేధించాను. ఇడ్లీ పిండి విషయంలో తలెత్తిన రాజ్యాంగ సంక్షోభం గురించి ఇక్కడ రాయను.

చివరి పరీక్ష బ్యాడ్‌బ్లాక్స్ అనే ప్రోగ్రాం. డిస్కు మొత్తం నాలుగు రకాల అంకెలతో నాలుగుసార్లు నింపి, నింపిన ప్రతిసారీ తిరిగి చదివి సరిచూస్తుంది. నిమిషానికి పదిహేను వేల చుట్లు తిరిగే సరుకు కాబట్టి కాస్త మోత ఉంటుంది. రాత్రి పదకొండింటికి అమ్మ లేచి, "ఎవరింట్లోరా ఇంత పొద్దుపోయాక మిక్సీ?" అంది.

ఆరింటిలో నాలుగు పాసయ్యాయి. వాటిలో ఒకదాని జీ-లిస్టు సున్నా. పదో తరగతిలో నా మార్కులు చూసినప్పుడు కూడా మా నాన్న ముఖంలో లేని వెలుగు నా ముఖంలో కనిపించిందని మా ఆవిడ అంది. ఆ డిస్కును కంప్యూటర్‌కు శాశ్వతంగా బిగించి, నాలుగు స్క్రూలూ వేశాను.

"ఇంతకీ ఇందులో ఏం దాచారు?" అని అడిగింది.

"టెస్ట్ రిపోర్టు" అన్నాను.