గేటు దగ్గర గుర్రుమన్న కారు

మా కారు 2009 నాటిది. పరుగు తీయడంలో దానికి ఏ లోపమూ లేదు, చిక్కంతా నిలబడడంలోనే.

పెట్రోలు ఇంజనులో ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. మా కారు ఎక్కడి నుంచో లెక్కకు చిక్కని గాలిని దొంగచాటుగా పీల్చి, ఆ మిశ్రమాన్ని, మా మెకానిక్కు మాటల్లో చెప్పాలంటే, ‘నీళ్ల మజ్జిగ’ చేసి పెట్టింది. వేగంగా పోయేటప్పుడు ఇంజను ఎలాగూ బోలెడంత గాలి తీసుకుంటుంది గనుక ఈ దొంగగాలి ఒక లెక్కలోనిది కాదు. బండి నిలిపి, యాక్సిలరేటరు మీద నుంచి కాలు తీశామా, ఇంజను వణికి, మూలిగి, ప్రాణం వదులుతుంది. మళ్లీ ప్రాణం పోయాలంటే తాళం నాలుగైదు సార్లు తిప్పాలి, అందుకు ముసలి బ్యాటరీ ఒప్పుకోవాలి.

డాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలిగినప్పుడు స్కానరు పీ 0171 అని చూపించింది. మిశ్రమం పలచబడిందని దాని అర్థం. ఆ కబురు మోసుకొచ్చిన పాపానికి ఆక్సిజన్ సెన్సారును పీకి, నాలుగు వేల రూపాయలకు కొత్తది పెట్టించాను. అదీ వచ్చీ రాగానే పాత కబురే చెప్పింది. బ్యాటరీ తీగ ఊడదీసి కాసేపాగి తగిలిస్తే దీపం ఆరేది గానీ, గడియారం పన్నెండుకు పోయేది, రేడియో స్టేషన్లన్నీ మరిచిపోయేది, మూడోనాటికి దీపం మళ్లీ వెలిగేది. చివరకు మా అమ్మ తన బొట్టుబిళ్ల ఒకటి తీసి దాని మీద అంటించింది. ఇంతవరకు చేసిన మరమ్మతులలో ఫలించింది అదొక్కటే.

ఇక నెల్లూరులో నా ప్రయాణాలన్నీ ఆగనక్కరలేని దారులు వెతుక్కుంటూ సాగాయి. గాంధీబొమ్మ సెంటరు ఊసే ఎత్తేవాణ్ణి కాదు. తప్పనిసరిగా ఆగవలసి వస్తే గేరు తప్పించి, హ్యాండ్‌బ్రేకు లాగి, కుడికాలితో ఇంజనును జోకొడుతూ ఉండేవాణ్ణి. కాలేజీ రోజుల్లో ఆర్టీసీ బస్సులను వెంటాడి ఎక్కిన అనుభవం నా భార్యకు ఈ వయసులో అక్కరకు వచ్చింది.

అయితే బుచ్చిరెడ్డిపాళెంలోని మా మామగారింటి ముందు ఏ విద్యా పనిచేయలేదు. మా జిల్లాలో చుట్టాలను సాగనంపడమంటే అసలు మాటలన్నీ గేటు దగ్గరే మొదలవుతాయి. లోపల జరిగినది భోజనం మాత్రమే. ఆనాడు మామగారు కారు తలుపు మీద రెండు చేతులూ ఆనించి, తమ్ముడితో నడుస్తున్న గట్టు తగాదాను మొదటి నుంచీ వివరించసాగారు. ఆయన ఒక్కో వాక్యం ముగించే సమయానికి ఇంజను కుంగిపోవడమూ, నేను యాక్సిలరేటరు తొక్కడమూ ఎలా కుదిరిందో గానీ, ఎదురరుగు మీద కూర్చున్న వారికి మాత్రం పెద్దాయన నోరు మూసినప్పుడల్లా అల్లుడు కారుతో గుర్రుమంటున్నట్టే తోచింది. తగాదా సర్వేయరు దాకా వచ్చేసరికి మామగారు చేతులు తీసేసి, “తొందరలో ఉన్నట్టున్నారు, వెళ్లిరండి” అన్నారు. మేము పెన్న వంతెన ఎక్కకముందే నా భార్యకు మూడు ఫోన్లు వచ్చాయి. పొలం విషయంలో అల్లుడుగారికి మనసులో ఏమన్నా ఉందా అని వాటి సారాంశం.

ఆ రాత్రి ఇంట్లో జరిగిన సంభాషణను ఇక్కడ రాయను. మర్నాడు మెకానిక్కు ముందు కూర్చుని, దొంగగాలి సంగతి తేలేదాకా కదలనన్నాను. అతను ఇంజను నడుస్తుండగానే గొట్టాల వెంబడి కార్బురేటరు క్లీనరు చల్లుకుంటూ పోయాడు. వెనుకవైపు ఒక రబ్బరు గొట్టం వంపులో ఆ మందు పడగానే ఇంజను గొంతు మారిపోయింది. “దొరికింది సార్, ఇదిగో దొంగ!” అన్నాడు. గోరంత పగులు! గొట్టం ఖరీదు అరవై రూపాయలు.

మరుసటి ఆదివారమే బుచ్చికి వెళ్లాము. తిరుగు ప్రయాణంలో నా నిర్దోషిత్వానికి సాక్ష్యంగా ఇంజను నడుస్తూ ఉండనిచ్చి, కాళ్లు రెండూ కనిపించేలా వెనక్కి ముడుచుకుని కూర్చున్నాను. మామగారు గట్టు తగాదాను మళ్లీ మొదటి నుంచి అందుకున్నారు. సర్వేయరు వచ్చి వెళ్లాడు, తహసీల్దారు బదిలీ అయ్యాడు, కాలువకు నీళ్లు వదిలారు, ముప్పై అయిదు నిమిషాలు గడిచాయి. ఇంజను పిల్లిపిల్లలా గురకపెడుతూనే ఉంది. అప్పుడు మామగారు లోపలికి తొంగిచూసి, “బండి ఆపేయండి అల్లుడుగారూ, పెట్రోలు దండగ. లోపలికి రండి, కాఫీ తాగుతూ మిగతాది చెబుతాను” అన్నారు.

నా భార్య అప్పటికే కారు దిగిపోయింది.