ఆటో బటనూ, మా అత్తయ్య ముక్కుపుడకా

మా ఇంట్లో ఫొటోలు తీసేది నేనే కాబట్టి ఏ ఫొటోలోనూ నేనుండను. పిల్లల అన్నప్రాసన దగ్గర్నుంచి మొన్నటి సంక్రాంతి దాకా ఆల్బంలు తిరగేస్తే ఈ పిల్లలకి తల్లి ఉందా లేదా అని కొత్తవాళ్ళకి అనుమానం వస్తుంది, అదేం పెద్ద బాధ కాదులెండి, నేను ఏ చీర కట్టుకున్నానో ఎక్కడా రికార్డు ఉండదు కాబట్టి ఒకే పట్టుచీరని నాలుగు పెళ్ళిళ్ళకి తిప్పొచ్చు.

బాధల్లా ఎండతోనే. మాది బెజవాడ సత్యనారాయణపురం, మే నెల మధ్యాహ్నం డాబా మీద పిల్లల్ని నిలబెట్టి తీస్తే నుదురు తెల్లగా పేలిపోతుంది, కళ్ళ కింద నల్లగా గుంటలు పడతాయి, పైగా కళ్ళు ఎవడూ తెరవడు. సరే సాయంత్రం వెళ్దాంలే అని ప్రకాశం బ్యారేజీ దిగువకి తీసుకెళ్తే సూర్యుడు అవతల నదిలోకి దిగుతుంటాడు, ఆకాశం బాగుంటుంది, నీళ్ళు బాగుంటాయి, ఉన్న 70 గేట్లలో ఎన్ని పడితే అన్ని బ్రహ్మాండంగా వస్తాయి, పిల్లలు మాత్రం నల్లగా, ఎవరు పెద్దాడో ఎవరు చిన్నదో పొడుగు పొట్టిని బట్టి గుర్తుపట్టుకోవాల్సిందే. అందుకే ఎడిటింగ్ నేర్చుకుందాం అని డిసైడ్ అయ్యా.

రాత్రి గిన్నెలు తోముకుని, రేపటికి పప్పు నానబోసి, అందరూ పడుకున్నాక యూట్యూబ్ వీడియోలు పెట్టుకుని కూర్చునేదాన్ని. అందులో మొదట చెప్పేది ఏంటంటే జేపెగ్‌లో తీయకు, రాలో (RAW, అంటే కెమెరా చూసింది చూసినట్టు దాచే ఫైల్) తియ్యి అని. మామూలు జేపెగ్‌లో ఒక్కో రంగుకి చీకటి నుంచి వెలుగు దాకా 256 మెట్లు ఉంటాయి, అదే 14 బిట్ రా ఫైల్ అయితే 16,384 మెట్లు, అందుకే నల్లగా వచ్చిన మొహాన్ని కూడా తర్వాత పైకి లాక్కోవచ్చు. ఇది పొద్దున్నే ఇడ్లీ పెడుతూ మా ఆయనకి ఎంతో ఉత్సాహంగా చెప్తే, "దుర్గమ్మ కొండకి కూడా అన్ని మెట్లు లేవు కదే, అన్ని ఎక్కి నువ్వు చేసేదేంటి, నా పొట్ట తగ్గించడమేగా" అన్నాడు. నిజానికి ఆ పాఠం ఇంకా రాలేదు. వచ్చాక మాత్రం ముందు ఆ పనే చేశా, పొట్ట లోపలికి తోస్తే వెనకున్న గుమ్మం కూడా వంగింది, మా మావయ్య ఆ ఫొటో చూసి గోడకి చెమ్మ పట్టిందేమో మేస్త్రీని పిలవండ్రా అన్నారు.

ఇలా నా చదువు నా మానాన సాగుతుండగా మా పెద్దాడపడుచు కూతురి పెళ్ళి వచ్చింది.

పెళ్ళికి ఫొటోగ్రాఫర్లు, డ్రోను, 12×36 ఆల్బం, అన్నీ మాట్లాడారు, నాకేం పని లేదు. కానీ పెళ్ళికూతుర్ని చేసే రోజు పొద్దున ముహూర్తం టైం అయిపోతోంది, ఆ ఫొటోగ్రాఫర్ అబ్బాయేమో "కనకదుర్గ వారధి మీద ట్రాఫిక్‌లో ఇరుక్కున్నామండీ, పది నిమిషాలు" అని అరగంట నుంచి అదే పది నిమిషాలు చెప్తున్నాడు. మా వదిన నా వైపు తిరిగి "నువ్వు తియ్యమ్మా, నీ దగ్గర పెద్ద కెమెరా ఉందిగా" అంది. అంతే, నలుగు పెట్టడం, మంగళస్నానం, బుగ్గచుక్క పెట్టడం, హారతి, మొత్తం నా చేతికొచ్చింది. పటమటలో వాళ్ళ ఇంటి ముందు పసుప్పచ్చ షామియానా, దాని కింద పసుపు చీరలో పిల్ల, చుట్టూ ముత్తైదువుల చేతులనిండా పసుపు, బంతిపూల దండలు, కింద పసుపు నీళ్ళు. నేను చూసిన పాఠాల్లో ఇంత పసుపు ఎక్కడా లేదు.

ఇక్కడ కొంచెం వైట్ బ్యాలెన్స్ గురించి చెప్పాలి, ఓపిక పట్టండి. ఒక్కో వెలుగుకి ఒక్కో రంగు ఉంటుంది, దాన్ని కెల్విన్లలో కొలుస్తారు, పాతకాలం ఫిలమెంటు బల్బు 3000 లోపు, మిట్టమధ్యాహ్నం ఎండ 5500 అటూ ఇటూ, చెట్టునీడ 7000 పైన. మన కన్ను ఇవన్నీ తనే సర్దుకుంటుంది, కెమెరాకి ఆ తెలివి లేదు, అందుకని ఆటో అని ఒకటి పెట్టారు. ఆ ఆటోలో పాత లెక్క ఒకటుంది, ఏ ఫొటో అయినా సరే అందులో రంగులన్నీ కలిపి సగటు తీస్తే బూడిదరంగు రావాలి, రాలేదంటే ఎక్కడో తేడా ఉన్నట్టే, ఏ రంగు ఎక్కువైతే దానికి ఎదురు రంగు కలిపేసెయ్ అని. ఇప్పుడు మా ఫొటోలు చూడండి. సగటు కాదు, ఏ మూల చూసినా పసుపే. పసుపుకి ఎదురు రంగు నీలం.

రాత్రి ఇంటికొచ్చేసరికి పదకొండు, వదిన అప్పటికే రెండు ఫోన్లు, మగపెళ్ళివాళ్ళు స్టేటస్‌లో పెట్టుకోవాలంట త్వరగా పంపమంటున్నారు అని. ఫోన్లోనే ఒక యాప్ ఉంటే అందులో ఫొటోలన్నీ ఎంచి ఆటో కలర్ నొక్కా, పక్కనే పోర్ట్రెయిట్ అని ఇంకో బటన్, మొహం మీద మచ్చలన్నీ తనే వెతుక్కుని పక్క చర్మం తెచ్చి అతికించి అంచులు కలిపేస్తుంది, చుట్టాల్లో మొటిమల వాళ్ళు నలుగురైదుగురు ఉన్నారు కదా పాపం అని అదీ నొక్కా. అన్నీ కలిపి పెళ్ళి గ్రూపులోకి తోసేసి పడుకున్నా.

పొద్దున వదిన ఫోన్. వదిన సాధారణంగా "ఏం చేస్తున్నావమ్మా" తో మొదలుపెడుతుంది. ఆరోజు నేరుగా "పసుపు ఏదీ?" అంది.

తెనాలి నుంచి వియ్యపురాలు చేసిందంట. చాలా మర్యాదగా అడిగిందంట, "మీ వైపు నలుగుకి పసుపు రాసే ఆనవాయితీ లేదాండీ, మాకైతే ఉంది" అని. ఫోన్ తీసి చూస్తే పెళ్ళికూతురు మొహానికి విభూది రాసినట్టు ఉంది, షామియానా తెల్లగా ఉంది, బంతిపూలు చామంతులైపోయాయి, ముత్తైదువులందరూ ఏదో తెల్లటి పిండి పట్టుకుని పిల్ల చుట్టూ నిలబడ్డారు. మచ్చల బటన్ పనితనం దానికి అదనం. పెళ్ళికూతురి బుగ్గచుక్క లేదు. మా తోటికోడలి చంటివాడికి అరచెంప మీద ఇంత కాటుకతో పెట్టిన దిష్టిచుక్క లేదు. చివరి ఫొటోలో హారతి పళ్ళెం పట్టుకుని నవ్వుతున్న మా అత్తయ్యకి ముక్కుపుడక లేదు.

ఆ ముక్కుపుడక సంగతి మీకు తెలీదు. ఒంటి తెల్లరాయిది, వాళ్ళమ్మ పెట్టింది, స్కానింగ్‌కి తీయమంటే ఆ స్కానింగే వద్దని లేచి వచ్చేసిన మనిషి ఆవిడ. ఫొటో చూపించగానే ముందు చెయ్యి ముక్కు మీదకి పోయింది. ఉంది. అయినా రెండోసారి తడుముకుంది.

"నా పుడక ఎవరు తీశారు అమ్మాయ్?"

"నేను కాదత్తయ్యా, యాప్ తీసింది, మెరుస్తుంటే మచ్చ అనుకుంది."

"మచ్చా? మా అమ్మ పెట్టిన రాయి మచ్చా?"

మావయ్య పేపర్ దించకుండానే "ఫొటోలో పోతే పోయింది, ముక్కున ఉందిగా" అన్నారు. ఆయనకి ఆ పూట రెండో కాఫీ రాలేదు.

మధ్యాహ్నానికి తోటికోడలు ఫోన్ చేసి చంటివాడు రాత్రంతా ఏడ్చాడక్కా అంది. ఇంక చూడండి, చుక్క లేని ఫొటో అంతమంది చూస్తే ఏడవడా అని మా అత్తయ్య తీర్పు చెప్పేసింది. పళ్ళు వస్తున్నాయేమో అత్తయ్యా అని నేనంటే, పళ్ళు ఇన్నాళ్ళూ ఆగి సరిగ్గా నువ్వు ఫొటో పెట్టిన రాత్రే వచ్చాయా అంది. దీనికి నా దగ్గర జవాబు లేదు, ఏ వీడియోలోనూ చెప్పలేదు.

అదృష్టం ఏంటంటే రా ఫైళ్ళు కెమెరా కార్డులో అలాగే ఉన్నాయి. కంప్యూటర్లో ఎక్కించి, ఆటో జోలికి పోకుండా, వెనక నిలబడ్డ పనమ్మాయి చేతిలో స్టీలు బిందె కనిపిస్తే దాని మీద డ్రాపర్ (రంగు ఎంచి చూపించే గుర్తు) పెట్టి, ఇదీ అసలు బూడిదరంగు, దీన్ని బట్టి మిగతావి సర్దు అని చూపించా. పసుపు పసుపులా వచ్చింది, బంతిపూలు బంతిపూలయ్యాయి, పుడక తళుక్కుమంది. గర్వంగా గ్రూపులో పెట్టా. పది నిమిషాల్లో వియ్యపురాలి దగ్గర్నుంచి దణ్ణం బొమ్మతో సహా మెసేజ్, "బాగుందండీ, మేం అడిగాక కంప్యూటర్లో రాశారన్నమాట."

ఇప్పటికీ ఆవిడ నమ్మలేదు. అసలు ఫొటోనేమో దొంగదైంది, దొంగ ఫొటోనేమో సాక్ష్యం అయింది. నిమ్మకాయ పులిహోర తింటూ పెళ్ళిపందిట్లో కూడా నన్ను చూపించి ఎవరికో "ఈవిడే, కంప్యూటర్లో పసుపు రాసేది" అని చెప్పడం నా చెవిన పడింది.

అప్పట్నుంచి మా అత్తయ్య నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. కాపలా. ఏ బటన్ నొక్కినా "అదేంటి, అది ఏం తీసేస్తుంది" అని అడగాల్సిందే. ఒకరోజు ఆవిడని చల్లబరుద్దామని ఫొటోషాప్ పుట్టిన కథ చెప్పా, థామస్ నోల్, జాన్ నోల్ అని అమెరికాలో అన్నదమ్ములిద్దరు రాశారత్తయ్యా, 1990లో అమ్మకానికి వచ్చింది, ఇది ఏమేం చేయగలదో అందరికీ చూపించడానికి ఆ జాన్ తనకి కాబోయే పెళ్ళాం బొమ్మే వాడాడు, సముద్రం ఒడ్డున ఇసకలో అటు తిరిగి కూర్చుని ఉంటుంది అని. ఆవిడ కాసేపు ఆలోచించి "వీపు వైపు నుంచి తీశాడా? బుద్ధిమంతుడు. మొహం జోలికి పోలేదు" అంది. ముప్పై ఏళ్ళ పైబడిన సాఫ్ట్‌వేర్ చరిత్రలో ఈ పాయింట్ ఎవరికైనా తట్టిందంటారా?

కాపలా కాస్తూ కాస్తూ ఆవిడకి బ్రష్ టూల్ కంటబడింది. నల్లరంగు, గుండ్రంగా, ఎంత సైజు కావాలంటే అంత, అంచులు మెత్తగా. నేను చంటివాడి ఫొటోలో పోయిన చుక్క మళ్ళీ పెడుతుంటే చూసి, "ఇదే చుక్క ఎవరికైనా పెట్టొచ్చా?" అని అడిగింది. పెట్టొచ్చు అత్తయ్యా అన్నా, అంతకంటే ఏమంటాం. ఇంక ఆవిడ టాబ్ వదల్లేదు. కళ్ళజోడు పెట్టుకుని చూపుడువేలితో పిల్లలందరికీ చుక్కలు, భవానీ ఐలాండ్ పిక్నిక్ ఫొటోలో బోటులో ఉన్న పదకొండు మందికీ చుక్కలు (ముగ్గురు మాకు తెలీనివాళ్ళు, వాళ్ళు మాత్రం ఏం పాపం చేశారు అంది), మంగళగిరి దగ్గర మా మరిది కట్టుకుంటున్న ఇంటికి చుక్క, దాని ముందు నిలబెట్టిన కొత్త స్కూటీకి చుక్క. నేను నెలల తరబడి కుస్తీ పడుతున్న లేయర్లు, అంటే ఫొటో మీద ఒకదానిమీద ఒకటి పరిచే పొరలు, ఆవిడ మధ్యాహ్నం నిద్ర మానుకుని పట్టేసింది, చుక్కకి వేరే లేయర్ పెట్టి, నచ్చకపోతే జరుపుకుంటోంది.

ఇదంతా నవ్వుకోవడానికి బాగానే ఉంది, మా వాడి టెన్త్ వచ్చేదాకా.

టెన్త్ అప్లికేషన్‌కి పాస్‌పోర్ట్ సైజు ఫొటో రేపటికల్లా కావాలన్నాడు, చెప్పేది రాత్రి ఎనిమిదింటికి, మగపిల్లలు అన్నీ రాత్రి ఎనిమిదింటికే చెప్తారు. స్టూడియోకి పరిగెత్తే ఓపిక లేక హాల్లో తెల్లగోడకి నిలబెట్టి తీశా, బ్యాక్‌గ్రౌండ్ సర్దా, మొహానికి కాస్త వెలుగు పెంచా, 4×6 కాగితం మీద ఎనిమిది వచ్చేలా పేర్చి సేవ్ చెయ్యబోతుంటే కుక్కర్ మూడో విజిల్ వేసింది. లేచి వంటింట్లోకి వెళ్ళి స్టవ్ ఆపి వచ్చా. అంతే టైం. అత్తయ్య ఏమీ ఎరగనట్టు టీవీ చూస్తోంది. పొద్దున మా ఆయన ఆఫీసుకి వెళ్తూ గవర్నర్‌పేటలో ప్రింట్ వేయించి స్కూల్లో ఇచ్చేశాడు, ఆయన ఫొటో వైపు చూడలేదు, ఆయన పెళ్ళిలో నా వైపే సరిగ్గా చూడలేదు.

మీ అందరికీ గుర్తుండే ఉంటుంది, టెన్త్ సర్టిఫికెట్లో పుట్టుమచ్చలు రెండు రాయాలి. మన రోజుల్లో సార్లు క్లాసులో చొక్కా చేతులు పైకి మడిపించి వెతికేవాళ్ళు. మా వాడికి ఎడమ మోచేతి మీద ఒకటే ఉంది, రెండోది ఇంట్లో వెతికి రాసి పంపుదాం అనుకుంటుండగానే వాడు కబడ్డీ మ్యాచ్ అని ఆ పూట క్లాసులో లేడు. సారు గడువు దగ్గరపడిందని ఫారాలు నింపుకుంటూ, రెండో మచ్చ ఎక్కడుందబ్బా అని ఫొటో చూసి, హమ్మయ్య ఉందిగా అని, కుడి బుగ్గ మీద పుట్టుమచ్చ అని ఎక్కించేశారు.

వాడు సాయంత్రం వచ్చి అద్దం ముందు నిలబడి "అమ్మా, నాకు మచ్చ ఎప్పుడొచ్చింది?" అన్నాడు.

స్కూలుకి ఫోన్ చేస్తే సారు పాపం మంచిగానే మాట్లాడారు, "మేడం, ఆన్‌లైన్లో సబ్మిట్ అయిపోయిందండీ, మార్చాలంటే లెటర్ పెట్టాలి, కారణం రాయాలి" అన్నారు. కారణం ఏమని రాయను? నాయనమ్మ దిష్టిచుక్క పెట్టింది అనా? మా ఆయన లెటర్ నేను రాస్తాను అని కూర్చుని, "నా కుమారుని బుగ్గపై గల మచ్చ" దాకా రాసి పెన్ను కొరుకుతూ ఉండిపోయాడు.

అత్తయ్యకి ఇందులో సమస్య ఏంటో అర్థం కాలేదు. "లెటర్లెందుకురా, పరీక్షలకి వెళ్ళే రోజుల్లో పొద్దున్నే నేను కాటుక పెట్టి పంపుతా, సర్టిఫికెట్లో ఉందిగా, గవర్నమెంటు వాళ్ళే పెట్టుకోమన్నారు" అంది.

మా వాడు నెత్తిన చెయ్యి పెట్టుకుని, "అది కాదు నాయనమ్మా, సారు ఫొటోని ఎదురుగా చూసి కుడి అన్నాడు, అంటే నాకు ఎడమ, కానీ కాగితం మీద కుడి అని ఉంది, ఫొటోలో నా ఎడమ బుగ్గ మీద ఉంది, ఇప్పుడు ఎటు పెట్టుకెళ్ళాలి నేను?" అన్నాడు.

ఆవిడ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"రెండు బుగ్గలకీ పెడతాలేరా, ఎందుకొచ్చిన గొడవ."