ఏలుబడి మనది, ఏడాది ఎవరిది?

చర్చనీయాంశం: కొరియా ద్వీపకల్పంలోని సిల్లా రాజ్యం క్రీ.శ. 650లో తన సొంత శకనామాన్ని వదిలేసి, చైనాను ఏలుతున్న తాంగ్ చక్రవర్తి శకనామాన్ని స్వీకరించింది. ఆ పని తప్పా, ఒప్పా? తప్పనేవారు శాసనవాది, రాళ్ళమీది రాతలే ఆయనకు ఆధారం. ఒప్పనేవారు రాజనీతివాది.

శాసనవాది: తప్పే. అసలు శకనామం అంటే ఏమిటో ముందు చెబుతాను. రాజు గద్దెనెక్కినప్పుడో, ఏదైనా ఘనకార్యం జరిగినప్పుడో మంచి అర్థమున్న పేరొకటి ప్రకటిస్తారు. ఆనాటి నుంచి ఫలానా మొదటి ఏడు, రెండో ఏడు అని లెక్క సాగుతుంది. చైనాలో పుట్టిన ఆచారమిది. అక్కడ ఆ పేరు పెట్టే హక్కు చక్రవర్తి ఒక్కడిదే. ఆయన పంచాంగాన్ని స్వీకరించినవాడు ఆయనకు లోబడినట్టే లెక్క. అలాంటి హక్కును 391లో సిల్లాకు ఉత్తరాన ఉన్న గోగుర్యో రాజ్యపు రాజు గ్వాంగేటో తన చేతిలోకి తీసుకున్నాడు. తన శకానికి యొంగ్నక్ అని పేరు పెట్టుకున్నాడు. 414లో ఆయన కొడుకు నిలబెట్టిన మహాశిల ఇప్పటి చైనాలోని జీఆన్‌లో నేటికీ ఉంది, దానిమీద ఆ పేరుంది. ఆ బాటలోనే సిల్లా రాజు బొప్‌హుంగ్ 536లో గొన్వొన్ శకం ప్రకటించాడు. ఆయన తర్వాతి రాజు జిన్‌హుంగ్ ఉత్తరాన మౌన్‌ర్యొంగ్ కనుమ దాకా వెళ్ళి, ‘తేచాంగ్ మొదటి ఏడు’ అని 568లో రాయి పాతించాడు. తన సరిహద్దు ఎంతవరకో తన కాలం అంతవరకని చాటాడు. నూరేళ్ళకు పైగా నిలబెట్టుకున్న ఆ హక్కును 650లో సిల్లాను ఏలుతున్న జిందొక్ రాణి కాలంలో చేజేతులా వదిలేశారు.

రాజనీతివాది: అయ్యా, మీరు రాళ్ళు చూపించారు, నేను కోటలు చూపిస్తాను. 642లో పొరుగు రాజ్యమైన బెక్జే సైన్యం సిల్లా పడమటి సరిహద్దులోని తేయా కోటను పట్టుకుంది. సిల్లా రాకుమారుడు కిమ్ చున్చు కూతురూ, అల్లుడూ అక్కడే చనిపోయారు. ఆయన సాయం కోసం గోగుర్యోకు వెళితే వాళ్ళు నిర్బంధించారు. ఇక మిగిలింది తాంగ్ దర్బారు. 648లో చక్రవర్తి తైజోంగ్ తన అధికారి చేత సిల్లా దూతను అడిగించాడు: మా దర్బారును సేవిస్తూ వేరే శకనామం ఎందుకు? దూత ఏమన్నాడో గుర్తుందా? మీరు మాకు పంచాంగం ఇవ్వలేదు కాబట్టి మా రాజులు పెట్టుకున్నారు, మీరు ఆజ్ఞాపిస్తే మానేస్తాం అన్నాడు. ఎంత చక్కని జవాబు! తలవంచలేదు, తగవూ పెట్టుకోలేదు. రెండేళ్ళకు శకనామం మారింది. తాంగ్ సైన్యం సాయంతో 660లో బెక్జే, 668లో గోగుర్యో కూలిపోయాయి. తర్వాత తాంగ్ సైన్యం ద్వీపకల్పాన్నే మింగబోతే, 676 నాటికి సిల్లా దాన్ని తరిమేసింది. ఒక పేరు ఇచ్చి ఒక దేశాన్ని తెచ్చుకున్నారు. ఇందులో తప్పెక్కడుంది?

శాసనవాది: పేరు ఇవ్వకుండానే దేశాన్ని నిలుపుకున్నవాళ్ళూ ఉన్నారు. గోగుర్యో నేలమీద లేచిన బాల్హే రాజ్యం చూడండి. తాంగ్‌కు దూతలను పంపింది, వాళ్ళిచ్చిన బిరుదులూ తీసుకుంది. కానీ 792లో చనిపోయిన దాని రాకుమారి జొంగ్‌హ్యో సమాధిశిలపై ‘తేహుంగ్ 56వ ఏడు’ అని సొంత శకమే ఉంది.

రాజనీతివాది: బాల్హేకు తాంగ్ సైన్యం సాయం అవసరం లేదు. అది 732లో సముద్రం దాటి తాంగ్ రేవుమీదే దాడి చేసిన రాజ్యం. సిల్లాకు ఆ రోజు ఆ బలం ఎక్కడిది? ఇంకో మాట. ప్రభవ, విభవ అంటూ మనం లెక్కపెట్టే అరవై ఏళ్ళ చక్రం వంటిదే కొరియన్లకూ ఉంది. పొలం దున్నేవాడికి, పెళ్ళి ముహూర్తం చూసుకునేవాడికి అది చాలు. శకనామం మారితే ఎవరి పంట పోయింది?

శాసనవాది: పంట పోలేదు, జ్ఞాపకం పోయింది. అరవై ఏళ్ళ చక్రం తిరిగి మొదటికి వస్తుంది, అది ఎన్నో చుట్టో చెప్పడానికి ఇంకో ఆధారం కావాలి. ఆ ఆధారం పరాయిదైతే ఏమవుతుందో ఆ తర్వాత కొరియాను ఏలిన జోసన్ రాజ్యంలో చూశాం. 1644లో చైనాలో మింగ్ వంశం కూలిపోయింది. అయినా జోసన్ పండితులు 19వ శతాబ్దంలో కూడా ఆఖరి మింగ్ చక్రవర్తి శకం పేరుతోనే, ‘సుంగ్‌జొంగ్ తర్వాత ఇన్నో చుట్టు’ అని సమాధులమీద రాసుకున్నారు. చనిపోయిన పరాయి రాజు కాలంలో తమ తండ్రుల మరణాలను లెక్కపెట్టుకున్నారు! దీనికి పునాది వేసినవాళ్ళలో కిమ్ బూసిక్ ఒకడు. 1145లో మూడు రాజ్యాల చరిత్ర సంకలనం చేస్తూ, సిల్లా సొంత శకనామం పెట్టుకోవడమే దోషమనీ, 650లో దాన్ని దిద్దుకుందనీ తీర్పు చెప్పాడు. ఆ గ్రంథంలో యొంగ్నక్ శకం ఊసే లేదు. ఆ రాయే లేకపోతే గ్వాంగేటో శకం ఈరోజు ఎంతమందికి తెలిసేది?

రాజనీతివాది: కిమ్ బూసిక్‌ను పిరికివాడిగా చూడకండి. 1135లో మ్యోచొంగ్ అనే భిక్షువు ప్యాంగ్యాంగ్‌లో కొత్త రాజ్యం, చొన్గే అనే కొత్త శకం ప్రకటించి తిరుగుబాటు చేశాడు. దాన్ని అణచిన సేనాని ఈ కిమ్ బూసికే. శకనామం పేరిట అంతర్యుద్ధం ఎలా రాజుకుంటుందో కళ్ళారా చూసి రాశాడు.

శాసనవాది: ఆ మాటతో మీరు నా పక్షానికే వచ్చారు. శకనామం ఉత్త అలంకారమైతే తిరుగుబాటుదారుకు దానితో పనేమిటి? 822లో కిమ్ హొన్‌చాంగ్ కూడా సిల్లామీద తిరగబడగానే మొదట చేసిన పనుల్లో శకనామం పెట్టడం ఒకటి. సింహాసనం కోరేవాడు కాలాన్నీ కోరతాడు. ఆ సంగతి తాంగ్ తైజోంగ్‌కు తెలుసు, అందుకే అడిగించాడు.

రాజనీతివాది: అయితే 1896 సంగతేమిటి? జనవరి 1న కొరియా సూర్యమాన పంచాంగంతోపాటు గొన్యాంగ్ అనే సొంత శకం మొదలుపెట్టింది. దానికి మూడు నెలల ముందే జపానువాళ్ళు రాణిని రాజభవనంలో చంపారు. ఫిబ్రవరిలో రాజు గోజొంగ్ రష్యా దౌత్య కార్యాలయంలో తలదాచుకున్నాడు. పంచాంగంలో స్వాతంత్ర్యం, రాజుకు పరాయి పంచన బతుకు. శకనామం 1897లో గ్వాంగ్మూ అయింది, 1907లో యుంగ్‌హీ అయింది. 1910లో దేశమే పోయింది. ఏ పేరు ఆపింది?

శాసనవాది: ఆపలేదు. కాదనను, అది తలచుకుంటే నాకూ బాధే. కానీ ఆ తర్వాత జరిగింది చూడండి. దేశంలో జపాను చక్రవర్తుల ఏళ్ళు నడుస్తుండగా, 1919లో షాంఘైలో ఏర్పడిన తాత్కాలిక ప్రభుత్వం ఆ ఏడాదిని ‘కొరియా గణతంత్రం మొదటి ఏడు’ అని లెక్కపెట్టింది. వాళ్ళకు ఏలడానికి నేల లేదు. 1948 సెప్టెంబరు 1న వెలువడిన తొలి ప్రభుత్వ గెజెట్‌పై ‘30వ ఏడు’ అని ఉంది. మధ్యలో దేశం లేని ఏళ్ళన్నీ ఆ లెక్కలో చేరాయి.

రాజనీతివాది: అదే నెలలో ఆ లెక్కను పక్కనపెట్టి, ఆదిపురుషుడు దంగున్ పేరిట క్రీ.పూ. 2333 నుంచి లెక్కించే శకాన్ని చట్టం చేశారు. 1962 నుంచి దాన్నీ వదిలి క్రీస్తుశకానికి వచ్చారు. ఇప్పుడు సియోల్‌లో ఎవరూ బానిసల్లా బతకడం లేదు కదా!

శాసనవాది: లేదు. క్రీస్తుశకానికి మారే చట్టాన్ని 1961లో చేసింది కొరియా ప్రభుత్వమే.

రాజనీతివాది: సైనిక ప్రభుత్వం. ప్రజలను అడిగి చేసింది కాదు.

శాసనవాది: అడగలేదు. దానిమీద సియోల్‌లో వాదించుకోవచ్చు, కావాలంటే చట్టాన్ని మళ్ళీ మార్చుకోవచ్చు. 650 తర్వాత సిల్లా ఆ పని ఒక్కసారైనా చేసిందా? తాంగ్ సైన్యాన్ని ఓడించి తరిమిన 676లో కూడా సొంత శకనామం పెట్టుకోలేదు. బెక్జే భయం లేదు, గోగుర్యో భయం లేదు. అప్పుడైనా ఎందుకు పెట్టుకోలేదో మీరు చెప్పాలి.