వింటేజ్ పోస్టర్‌కు అందం తెచ్చింది మరకలు కాదు

పాత పోస్టర్ల గురించి ఒక మాట తెగ షేర్ అవుతోంది. "వాటి అందమంతా పాతదనమే. అప్పటివాళ్లు సాధనాలు లేక సాదాగా వేశారు. ఇప్పుడు ఏ డిజైన్ మీదైనా సెపియా ఫిల్టర్, చుక్కల టెక్స్చర్, పాతకాలపు ఫాంట్ వేస్తే వింటేజ్ పోస్టర్ రెడీ" అని. ఇందులో నిలబడే ముక్క ఒక్కటీ లేదు.

సెపియా అనే గోధుమ ఛాయ సంగతి త్వరగా తేలిపోతుంది. 1866లో పారిస్‌లో ప్రెస్ పెట్టిన పోస్టర్ చిత్రకారుడు జూల్ షెరె ఎరుపు, పసుపు, నీలాలను కళ్లు జిగేల్‌మనేలా అచ్చువేశాడు. వీధిలో పోయేవాళ్లను ఆపడమే ఆ రంగుల పని. పసుపెక్కింది కాగితం: చవక గుజ్జులోని లిగ్నిన్ అనే చెక్క పదార్థానికి వెలుతురు, గాలి తగిలితే అలా అవుతుంది. ఎండకు సిరా వెలిసినా పోస్టర్ గోధుమరంగుకు తిరగదు. నాలుగు రంగుల అచ్చులో సాధారణంగా ముందు పోయేవి పసుపు, మెజెంటా. నీలం, నలుపు నిలుస్తాయి. ఎండ గోడ మీద మిగిలిపోయిన సినిమా పోస్టర్ నీలంగా మారడం మన ఊళ్లలో చూడనివారుండరు. సెపియా పాత ఫొటోల రంగు.

"సాధనాలు లేక సాదాగా వేశారు" అన్నది అన్నిటికన్నా అన్యాయమైన మాట. అప్పటి పోస్టర్లు అచ్చువేసిన లిథో, అంటే రాతి అచ్చు పద్ధతిలో సున్నపురాయి మీద జిడ్డు క్రేయాన్‌తో గీస్తారు. తుమ్మబంకలో కాస్త నైట్రిక్ ఆమ్లం కలిపి పూస్తారు. రాయిని తడిపి సిరా రోలర్ నడిపితే, గీసినచోట సిరా అంటుతుంది, తడి ఉన్నచోట అంటదు. ఒక్కో రంగుకు ఒక్కో రాయి. చిత్రకారుడు తూలూజ్-లోత్రెక్ 1891లో పారిస్ నాట్యశాల మూలాన్ రూజ్ కోసం వేసిన పోస్టర్ దాదాపు 190 సెంటీమీటర్ల ఎత్తు, నాలుగు రంగులు. సుమారు 3,000 కాపీలు వేశారు. అంటే కనీసం 12,000 సార్లు ఒత్తాలి. ఐదో రంగు కావాలంటే ఇంకో 3,000. అందుకే ప్రతి రంగూ తన ఖర్చుకు తగ్గ పని చెయ్యాల్సి వచ్చింది. ఆ పోస్టర్‌లో నర్తకి లంగా తెలుపు అచ్చే వెయ్యని కాగితం. వెనక జనం మొత్తం ఒకే నల్లటి నీడ. ఆ నలుపు ముందు ఆ తెలుపు వీధి అవతలి నుంచి కూడా కనబడుతుంది. ఇది చేతకానితనం కాదు, లెక్క. బెర్లిన్‌లో డిజైనర్ లూసియన్ బెర్న్‌హార్డ్, ప్రీస్టర్ కంపెనీ అగ్గిపుల్లల పోస్టర్‌లో రెండు పుల్లలు, కంపెనీ పేరు మాత్రమే ఉంచాడు. అంతకుమించి దేనికి?

ఇక చుక్కలు. చేత్తో గీసిన రాతి లిథోలో హాఫ్‌టోన్ చుక్కల వరుస, అంటే ఫొటో ఛాయలను చూపే క్రమమైన చుక్కలు, ఉండదు. రాయి గరుకు మీద క్రేయాన్ వదిలిన క్రమంలేని రేణువులు, లేదంటే గట్టి బ్రష్‌తో చిమ్మిన తుంపరలు ఉంటాయి. 10 రెట్ల భూతద్దం పెడితే తేడా వెంటనే తెలుస్తుంది. రాతి లిథో అని అమ్ముతున్న కాగితం మీద నాలుగు రంగుల చుక్కలు గులాబీ రేకుల్లా గుంపులు కట్టి కనిపిస్తే, అది తర్వాత ఆఫ్‌సెట్ యంత్రం మీద అచ్చువేసిన నకలు.

టెక్స్చర్ వెయ్యడంలోనూ అందరూ అదే తప్పు చేస్తున్నారు. పూర్తయిన బొమ్మ మీద ఒకే టెక్స్చర్ పరుస్తారు. ప్రతి రాయికీ తన గరుకు ఉంటుంది కాబట్టి అన్ని రంగుల్లోనూ ఒకేచోట పొట్టు లేచినట్టు కనబడదు. సరిగ్గా చెయ్యాలంటే కాగితం కాక నాలుగు రంగులే తీసుకోండి. ఒక్కో రంగుకు ఒక్కో లేయర్, దానికి వేరే గరుకు. పసుపు ముందు, తర్వాత ఎరుపు, నీలం, చివర నలుపు. లేయర్లను మల్టిప్లైలో, అంటే కింది రంగు పై రంగుతో కలిసి కనబడే మోడ్‌లో పెడితే పసుపు మీద నీలం పడి ఆకుపచ్చ ఉచితంగా వస్తుంది. అంచులు పావు నుంచి అర మిల్లీమీటరు ఒకదానిమీదికొకటి ఎక్కనివ్వండి, లేకపోతే తెల్లటి సందులు బయటపడతాయి. రిజిస్ట్రేషన్, అంటే రంగులు ఒకదానిమీద ఒకటి సరిగ్గా కుదరడం, తప్పినట్టు చూపాలంటే ఏదో ఒక సిరా లేయర్‌ను ఏ2 సైజులో అర మిల్లీమీటరు జరపండి. ఆర్‌జీబీ ఛానెళ్లను, అంటే తెర మీది ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాంతులను జరిపితే పాడైన టీవీ తెరలా ఉంటుంది, అచ్చులా ఉండదు. నిజంగా స్క్రీన్ ప్రింట్ వేస్తుంటే సిరాను పారదర్శకం చేసే ట్రాన్స్‌పరెంట్ బేస్ కలపండి. అది లేకపోతే పై రంగు కింది రంగును కప్పేసి, రావాల్సిన ఆకుపచ్చ రాదు. బొమ్మ మొత్తాన్ని మూడు సెంటీమీటర్ల ఎత్తుకు తగ్గించి చూడండి. అప్పుడూ విషయం తెలియకపోతే ఏ ఫిల్టరూ కాపాడదు.

ఫాంట్ విషయం తెలుగుకు మరీ ముఖ్యం. ఆ పోస్టర్లలో చాలావాటి అక్షరాలు చేత్తో గీసినవి, బొమ్మలో భాగం. లోత్రెక్ మూలాన్ రూజ్ పేరును మూడుసార్లు రాసి, మూడిటికీ ఒకే పెద్ద ఎమ్ వాడాడు. మన పాత సినిమా టైటిళ్లూ చేతిరాతలే. ఫాంట్‌ను సాగదీస్తే గీతల మందం చెడుతుంది, వరుసలు దగ్గరికి లాగితే పై వరుస ఒత్తు కింది వరుస గుడిని గుద్దుతుంది. చేత్తో గీసేటప్పుడు ఒత్తును కింది వరుసలో ఖాళీ ఉన్నచోటికి జరపవచ్చు, తలకట్టును పక్క అక్షరం మీదికి సాగించవచ్చు. చేతకాదనుకుంటే ఫాంట్‌ను అవుట్‌లైన్‌గా మార్చి, కనీసం ఒత్తులనూ గుడులనూ ఒక్కొక్కటిగా సర్దండి.